అత్త కోసం పెంచిన కంజు పిట్టలు

మా సందు చివర ఒక కుర్రవాడు కంజు పిట్టలు పెంచుతున్నాడు. ఎమ్మిగనూరులో ఇప్పుడు ఎవరేం మొదలుపెట్టినా ముందు ఫ్లెక్సీ కట్టాల్సిందే కాబట్టి వాడూ కట్టాడు. అందులో పిట్ట బొమ్మ కంటే వాడి బొమ్మే పెద్దది. మొన్న సాయంత్రం మా మనవళ్ళకు పెట్టమని అట్టపెట్టెలో కొన్ని గుడ్లు తెచ్చి ఇచ్చాడు. మా కోడలు గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టబోతుంటే ఆపాను. ముందు ఒకటి తెల్ల సాసరులో పగలగొట్టి చూపించమన్నాను.

"ఏం చూస్తావత్తా, గుడ్డు గుడ్డే గదా" అంది.

చూశాను. సొన పసుపు రంగులోనే ఉంది. చుట్టూ ఉన్నది నీళ్ళలా తేటగా ఉంది. అప్పుడు ఉడకబెట్టమన్నాను. కోడలు నవ్వుకుంటూ పోయింది. ముసలివాళ్ళకు ఏదో ఒక చాదస్తం లేకపోతే ఇంట్లో చిన్నవాళ్ళకు పొద్దుపోదు, నవ్వుకోనీ అనుకున్నాను. పిల్లలు మాత్రం గుడ్లకు ఉప్పూ కారం అద్దుకొని తింటుంటే నేను అక్కడ కూర్చోలేకపోయాను. లేచి వాకిట్లోకి వచ్చాను.

చిన్నప్పటి సంగతులు చెప్పేవాళ్ళు ఆ రోజులే వేరంటారు. వేరే, కాదనను. బాగుండేవని మాత్రం నాతో అనిపించలేరు. మేము తిన్న జొన్నరొట్టె రుచిగా ఉండేది, నిజమే. ఆ రొట్టె చేసిన చేతులు మనసులో ఏం పెట్టుకొని ఆ పిండి కొట్టేవో అప్పట్లో ఎవరడిగారు గనక.

ఆ ఏడు వానలు లేవు. మా వైపు వానలు లేకపోతే పల్లెలు తాళాలు వేసుకొని గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి పోతాయి. దాన్నే సుగ్గికి పోవడం అంటారు. మా అమ్మా నాన్నా సుగ్గికి పోతూ నన్ను ఆదోనిలో అవ్వ దగ్గర, తాత దగ్గర వదిలిపెట్టారు. అవ్వంటే మా నాన్న తల్లి. తాత పత్తిగింజల నూనె మిల్లులో హమాలీ. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన కనుబొమల మీద దూది పీచు అంటుకొని ఉండేది. చొక్కా నుంచి నూనె వాసన, నూనె పిండిన గింజల చెక్క వాసన, చెమట వాసన ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేవి. అవి లేకుండా తాత ఇంట్లోకి వస్తే పరాయివాడు వచ్చాడనుకునేదాన్ని.

బండల మిద్దె మాది. వెనక చిన్న దొడ్డి, దొడ్లో ఒక ఎనుము. దాని పాలతోనే ఇంట్లో టీ నీళ్ళు, మజ్జిగ. పొద్దున వీధి చివర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ అమ్మే ముసలామె అరిచేది. ఆ కేకకే నిద్ర లేచేదాన్ని. అంతవరకు నాకే చింతా లేదు. చలి పోయి ఎండ తిరిగే వేళకు అత్త వచ్చింది.

అత్త మా నాన్నకు చెల్లెలు. నందవరం దగ్గర పల్లెకు ఇచ్చారు. ఏడో నెల కడుపుతో పురుటికి పుట్టింటికి వచ్చింది. అది మూడో కడుపు. మొదటిది నెలలు నిండకముందే పోయింది. రెండోది పుట్టి ఏడవలేదు. ఈ సంగతి ఇంట్లో ఎవరూ ఇలా అనరు. అవ్వ "ముందరిది", "నడిమిది" అనేది, అంతే. చెడు మాట నోటితో అంటే పక్కన తథాస్తు దేవతలు కాచుకొని ఉంటారని అవ్వ నమ్మకం. ఇంట్లో బియ్యం అయిపోయాయని కూడా అనేది కాదు, బియ్యం నిండుకున్నాయనేది. మిల్లులో ఎవరికైనా చెయ్యి విరిగిందని తాత చెప్పబోతే మధ్యలోనే "మంచి మాట మాట్లాడు" అని ఆపేది. అత్తను తెచ్చి దిగబెట్టిన రోజు ఆమె అత్తగారు గడప మీద నిలబడి "సూస్తాం, ఈసారేమైతాదో" అనింది. ఆమె పోయాక అవ్వ ఆ గడప మీద నీళ్ళు పోసి చీపురుతో రుద్దింది.

పక్కింట్లో బూబమ్మ ఉండేది. అవ్వకు ఆమె కంటే దగ్గరి మనిషి లేదు. ఇద్దరూ పొయ్యిలో నిప్పు దగ్గర నుంచి కష్టం దాకా అన్నీ పంచుకునేవాళ్ళు. బూబమ్మ తమ్ముడు బళ్ళారిలో కంజు పిట్టలు పెంచేవాడు. అప్పట్లో అవి మా వాళ్ళకు కొత్త.

"బటేర్ గుడ్డు పెట్టక్కా పిల్లకు. గుడ్డు సిన్నదే, సత్తువ శానా. మాంసమైతే ఇంగా మంచిది. బాలింతకు ఆయాసం గూడా రాదు" అంది బూబమ్మ. కంజును వాళ్ళు బటేర్ అంటారు.

"యాడ దొరుకుతాయి అవి?"

"నేను తెప్పిస్తా. నువ్వు గూడు సేయించు."

తాత గూడు చేశాడు. పత్తి బేళ్ళకు చుట్టే ఇనుప పట్టీలు మిల్లులో పారేస్తే తెచ్చి చట్రం కట్టాడు. నాలుగు పక్కలా జాలీ కొట్టాడు. పైన మాత్రం గోనెపట్టా బిగించాడు. కంజు పిట్ట బెదిరితే పక్కకు పరుగెత్తదు, ఉన్నచోటి నుంచి నిలువునా పైకి లేస్తుంది. కప్పు గట్టిదైతే తల పగిలి చస్తుంది. అందుకని గోనెపట్టా. పిల్లి నడిచినా, గిన్నె కింద పడినా చాలు, గూట్లో అన్నీ ఒక్కసారి లేచి గోనెకు తలలు కొట్టుకునేవి. టుప్ టుప్ టుప్ మని ఆ చప్పుడు. మధ్యాహ్నం పూట ఎండకు వీధి వీధంతా నోరు మూసుకున్నప్పుడు ఆ చప్పుడు వింటే నాకు ఒళ్ళు జలదరించేది.

అవి పిడికెడు పిట్టలు. గోధుమ రంగు, మీద నల్ల గీతలు. కోడి పొద్దున పెడితే ఇవి సాయంత్రం పెడతాయి గుడ్డు. దీపాలు పెట్టేముందు గూట్లో చెయ్యి పెట్టి ఏరడం నా పని. వెచ్చగా, మచ్చలు మచ్చలుగా ఉండేవి. ఒకసారి తాత రుమాలు మడతలో ఒక గుడ్డు దాచాను. తాత చూసుకోకుండా తలకు చుట్టుకున్నాడు. సొన చెవి మీదుగా కారుతుంటే తుడుచుకొని, వాసన చూసి, "మిల్లు నూనె నా తలకాయలో నుంచే వస్తాందే" అన్నాడు. అవ్వ నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది. అత్త పొట్ట పట్టుకొని కూర్చుండిపోయింది. ఆ ఇంట్లో అందరూ కలిసి నవ్వినది నాకు గుర్తున్నంతలో అదే ఆఖరు.

అత్తా నేనూ ఒకే బుద్ధి మనుషులం. నా పలకతో వచ్చిన బలపాలు ఒక్కొక్కటే మాయమయ్యేవి. అడిగితే అత్త నోరు కడుక్కొని వచ్చి "నాకేం తెలుసమ్మే" అనేది, పెదవి మీద తెల్ల పొడి ఉండగానే. కడుపుతో ఉన్నవాళ్ళకు మట్టి మీద మనసు పోతుందని నాకప్పుడు తెలియదు. అవ్వ రోజూ ఆమెకు కంజు గుడ్లు పొరటు చేసి జొన్నరొట్టెలో పెట్టేది. ఆదివారం ఒక పిట్టను కోసి, వేరుశనగ, ఎండుకొబ్బరి నూరి పులుసు పెట్టేది. నాకు రెక్క ముక్క వచ్చేది. అత్త తింటూ కడుపు మీద చెయ్యి వేసుకొని "నీకేనమ్మా, నువ్వే తిను" అని లోపలి దానితో మాట్లాడేది. ముఖం నిండింది. చేతులకు నిగారింపు వచ్చింది. అవ్వ ఆమెను చూసి పైకి ఏమీ అనేది కాదు, దిష్టి తగులుతుందని.

అప్పుడు తాతకు ఒక ఆలోచన వచ్చింది.

"ఎనుముకు పత్తి చెక్క పెడితే పాలు సిక్కబడలా? పిట్టలకు పెడితే గుడ్డు సిక్కబడదా?" అన్నాడు.

మిల్లు మనిషి ఇంట్లో ఈ మాటకు ఎదురేముంది. పత్తిగింజ నుంచి నూనె పిండాక మిగిలే చెక్క మా ఎనుముకు రోజూ పడేదే. ఆదోని చుట్టుపక్కల పాడి అంతా ఆ చెక్క మీదనే నడుస్తుంది. బూబమ్మ కూడా మంచి మాటే అంది. తాత పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కొని, రోట్లో చెక్క దంచి, జొన్న నూకలో కలిపి గూట్లో పోసేవాడు. దంచుతూ, తన కూతురు చిన్నప్పుడు ఎలా ఉండేదో నాకు చెప్పేవాడు. అంత ప్రేమగా దంచిన చెక్క అది.

కొన్ని వారాలు పోయాయి. ఎండలు ముదిరాయి. బండ కప్పు పొద్దున కాగడం మొదలుపెడితే పొద్దుగూకినా చల్లబడేది కాదు. అవ్వ తడి ఇసుక పోసిన గురిగిలో కొన్ని గుడ్లు ముందుకు ఉంటాయని దాచిపెట్టేది. ఒక మధ్యాహ్నం అందులోంచి ఒకటి తీసి గిన్నెలో పగలగొట్టింది. నేను పక్కనే ఉల్లిగడ్డ ఒలుస్తున్నాను.

సొన పాచి రంగులో ఉంది. నిలవ నీళ్ళ మీద కట్టే పాచి రంగు. చుట్టూ తెల్లగా ఉండాల్సినది లేత గులాబీ రంగుకు తిరిగి ఉంది, నీళ్ళలో నెత్తురు చుక్క పడ్డట్టు. అవ్వ గిన్నె ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసింది. కంపు లేదు. మురిగినదైతే పారబోసి ఇంకొకటి తీసేది, అంతటితో పోయేది. మురగలేదు. దానికే అవ్వ భయపడింది. ఇంకొకటి పగలగొట్టింది. అదీ అంతే. మూడోది పగలగొట్టలేదు. గిన్నె మీద మూత పెట్టి, అత్త పడుకున్న గది వైపు చూసింది. ఆ చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

దొడ్లోకి పోయి దిబ్బలో గుంత తీసి పోసి, పైన బూడిద కప్పింది. తిరిగొచ్చి నా చెయ్యి పట్టుకొని తన తల మీద పెట్టుకుంది.

"నోట్లో నువ్వుగింజ నానదు నీకు. అందుకే సెప్తాండా. నా మీద ఒట్టు. మీ అత్తకు సెప్పొద్దు. మీ తాతకూ సెప్పొద్దు. ఎవురికీ సెప్పొద్దు."

"ఎందుకవ్వా?"

"నోటితో అంటే అయితాది."

ఏమవుతుందో అవ్వ చెప్పలేదు. నేను అడగలేదు. గుడ్డులో ఏది చెడిందో అదే అత్త కడుపులోనూ చెడిందని అవ్వ అనుకుందని చిన్నపిల్లనైనా నాకు అర్థమైంది. ఆ రోజు నుంచి అత్తకు గుడ్డు పెట్టడం మానేసింది. పిట్టలు గుడ్డు ఆపినాయని చెప్పింది. తాత మిల్లు నుంచి వచ్చేలోపల గూట్లో గుడ్లన్నీ ఏరి దిబ్బలో పూడ్చేది. ఏరే పని కూడా నా చేతిలోంచి తీసేసుకుంది. "ఎండకు ఆపినాయేమో" అనేవాడు తాత, మరుసటి రోజు చెక్క ఇంకో పిడికెడు ఎక్కువ వేసేవాడు.

తర్వాత పిట్టలు ఈకలు ఉబ్బరించుకొని మూలకు కూర్చోవడం మొదలుపెట్టాయి. పొద్దున చూస్తే ఒకటి కాళ్ళు చాచి ఉండేది. తాత గోనెపట్టా తడిపాడు, గూడు నీడకు జరిపాడు, మళ్ళీ చెక్క పెంచాడు. "సత్తువ సాలడంలేదు వీటికి" అనేవాడు. టుప్ టుప్ చప్పుడు రోజు రోజుకూ తగ్గింది. పిల్లి గూటి పక్కనే పడుకున్నా ఒకటీ లేవడంలేదు. మొదట్లో నన్ను బెదరగొట్టిన ఆ చప్పుడు వినాలని నేను గూటి మీద చేత్తో కొట్టి చూసేదాన్ని.

"పిట్టలకు ఏమైందమ్మా?" అని అత్త అడిగేది.

"ఎండ. ఏమీ లేదు, పండుకో."

అత్త పిచ్చిది కాదు. తల్లి తన ముఖంలోకి చూడడం మానేసిందని ఆమెకు తెలుస్తూనే ఉంది. చూస్తే కళ్ళలో తెలిసిపోతుందని అవ్వ చూడదు. చూడని తల్లిని చూసి అత్త ఇంకేదో అనుకుంటుంది. ఒకే పొయ్యి దగ్గర ఇద్దరూ కూర్చొని రొట్టెలు కాల్చుకునేవాళ్ళు, ఒకరితో ఒకరు మాట్లాడేవాళ్ళు కాదు.

అవ్వ ఒక పరీక్ష పెట్టుకుంది. బూబమ్మ ఇంట్లో ఒక కోడి పొదగడానికి కూర్చునే వేళకు, ఆ సాయంత్రం పెట్టిన కంజు గుడ్లు దాని కింద పెట్టించింది. కంజు పిట్ట తన గుడ్లు తాను పొదగదు, కోడి కిందనే పెట్టాలి. "ఇవి లేస్తే, అదీ లేస్తాది బూబమ్మా" అని అవ్వ గొంతు తగ్గించి అనడం నేను విన్నాను. బూబమ్మకు అప్పుడే అన్నీ చెప్పినట్టుంది. ఆమె తల మీద కొంగు సర్దుకొని, "లేస్తాయక్కా, నేను దువా సేస్తా" అంది.

కంజు పిల్లలు కోడిపిల్లల కంటే ముందే లేవాలి. ఆ గడువు దాటింది. కోడిపిల్లలు లేచే గడువూ దాటింది. కోడి మాత్రం కదలలేదు. మేత కోసం లేచి, మళ్ళీ పరుగున వచ్చి గంపలో కూర్చునేది. చివరికి బూబమ్మ దాన్ని పక్కకు నెట్టి గుడ్లు ఒక్కొక్కటే పగలగొట్టింది. కొన్నింటిలో నెత్తురు గీత ఒకటి చుట్టి ఆగిపోయి ఉంది. ఒకదాంట్లో పిల్ల పూర్తిగా తయారై, ముక్కు రెక్క కింద పెట్టుకొని ఉంది. కళ్ళు మూసి ఉన్నాయి. కోడి ఖాళీ గంపలోకి పోయి మళ్ళీ కూర్చుంది.

"మంత్రాలయం స్వామికి మొక్కుకో అక్కా. నేను దర్గాలో ఫాతెహా ఇప్పిస్తా. ఎవురిదో కన్ను పడింది" అంది బూబమ్మ.

"మొక్కుతా. కన్ను గాదు బూబమ్మా. ఈ ఇంట్లో ఏదీ నిలవదు. ముందరిది ఈ ఇంట్లోనే గదా పోయింది. నడిమిదానికీ ఈ ఇంట్లోనే గదా పురుడు పోసినాము. ఇది గూడా ఈడ్నే ఉంటే..." అని అవ్వ అక్కడ ఆగిపోయింది. వాక్యం పూర్తి చేయలేదు, తథాస్తు దేవతలకు భయపడి. తర్వాత ముఖం తుడుచుకొని, "దాన్ని పంపించేస్తా" అంది.

తొమ్మిదో నెలలో కూతురిని పుట్టింటి నుంచి అత్తగారింటికి తోలడం మా వాళ్ళలో లేదు. శత్రువుకు కూడా చేయరు ఆ పని. నలుగురిలో తలెత్తుకోలేమని తాత అరుస్తాడని అవ్వకు తెలుసు. కారణం చెప్తే ఎవరైనా ఒప్పుకునేవాళ్ళేమో. కారణం చెప్పకూడదు. అందుకని ఇంకో కారణం కావాలి.

మరుసటి రోజు అత్త రొట్టె తింటుంటే అవ్వ ఆమె వైపు చూడకుండానే అంది. "మీ ఆయప్పకు కబురు పెట్టినా. రేపొచ్చి తోలుకపోతాడు."

"యాడికి?"

"యాడికేంది. మీ ఇంటికి. ఆడ్నే పురుడు పోసుకో."

అత్త నవ్వింది మొదట, వేళాకోళమనుకొని. అవ్వ నవ్వలేదు.

"నేనేం తప్పు సేసినానమ్మా?"

"తప్పేం లేదు. నాకు సేత గావడంలేదు. ఎనుముకు సేసి, ఇంటికి సేసి, నీకూ సేసే ఓపిక నాకు ల్యా. మీ అత్త ఉంది గదా, సేస్తాది."

"నేను నిన్నేమి అడిగినా? అంట్లు తోముతాండా, రొట్టెలు కాలుస్తాండా. గుడ్లు ఆపేస్తే ఎందుకని అడిగినానా?"

"నాతో కాదన్నా గదా" అంది అవ్వ. గొంతు రాయిలా ఉంది.

తాత పని నుంచి వచ్చి విని, "నీకేమన్నా పిచ్చి పట్టిందా? ఊర్లో ఎవురైనా ఇట్ల సేస్తారా?" అన్నాడు. తాత ఎంత అరిచినా అవ్వది ఒక్కటే మాట, నాకు సేత కాదు. నేను ఒట్టు మోస్తూ గుమ్మం దగ్గర కూర్చొని ఉన్నాను. అత్త ఒకసారి నా వైపు చూసింది, నాకేమైనా తెలుసేమోనని. తల దించుకున్నాను. అవ్వ తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాక నోరు విప్పితే అవ్వ చచ్చిపోతుందని నా భయం నాకు.

మరునాడు ఎండ నడినెత్తిన ఉండగా మామ వచ్చాడు. ఆటో మాట్లాడుకొని వచ్చాడు. కడుపుతో ఉన్నామెను ఆ ఎండలో ఆ గుంతల దోవలో తీసుకుపోవడం చూసి వీధిలో వాళ్ళు వాకిళ్ళలోకి వచ్చి నిలబడ్డారు. ఒకామె నోరు నొక్కుకుంది. అవ్వ పసుపు, కుంకుమ, జాకెట్టు ముక్క పళ్ళెంలో పెట్టి పట్టుకుంటే అత్త తీసుకోలేదు. "ఓపిక ల్యాదన్నావు గదా, ఇది మాత్రం ఎందుకు" అంది. నెమ్మదిగా ఆటో ఎక్కి కూర్చుంది. ఆటో సందు మలుపు తిరిగేదాకా అవ్వ పళ్ళెం పట్టుకొని అలాగే నిలబడింది. తర్వాత లోపలికి వచ్చి పొయ్యి వెనక గోడకు తల పెట్టి ఏడ్చింది. చప్పుడు లేదు, వీపు మాత్రం ఊగుతోంది. ఆమె అలా ఏడవడం నేను మళ్ళీ చూడలేదు, తాత పోయినప్పుడు కూడా.

ఆ పైన ఇంట్లో రోజులు గడవలేదు, ఈడ్చుకుపోయాయి. ఎవరైనా వీధి తలుపు తడితే అవ్వ చేతిలో పని ఆగిపోయేది. నందవరం వైపు నుంచి ఏ మనిషి వచ్చినా ముందు వాళ్ళ ముఖం చూసేది, తర్వాతే కూర్చోమనేది. గూట్లో మిగిలినవి కొన్ని పిట్టలు. వాటి ముఖం చూడకుండా నీళ్ళు పోసి వచ్చేది.

కబురు ఒక పొద్దున వచ్చింది. ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం. పుట్టగానే ఏడ్చిందట, ఆపినా ఆపలేదట. తాత ఎగిరి గంతేసినంత పని చేసి చక్కెర కోసం అంగడికి పరుగెత్తాడు. అవ్వ దొడ్లోకి పోయి, దిబ్బ దగ్గర నేల మీద సాష్టాంగపడింది. లేచినప్పుడు నుదుటి మీద బూడిద ఉంది. బూబమ్మ గోడ మీద నుంచి చూసి కన్నీళ్ళు పెట్టుకుంది.

తొలకరికి ఎనుముకు పొదుగు వాచింది. తాత పశువుల డాక్టరును పిలుచుకొచ్చాడు. ఆయన ఎనుముకు సూది వేసి, చేతులు కడుక్కుంటూ గూటి వైపు చూశాడు. ఈకలు రాలిన పిట్టలు అందులో రెండో మూడో ఉన్నాయి. దాణా గిన్నెలో వేలు పెట్టి చూశాడు.

"పత్తి చెక్క పెడుతున్నారా వీటికి? పెట్టకూడదు. దాంట్లో విషం ఉంటుంది. ఎనుముకు అరుగుతుంది, ఏమీ కాదు. కోళ్ళకు, పిట్టలకు పడదు. గుడ్డు పొదిగినా పిల్ల లేవదు. సొన రంగు మారలేదా మీకు? పాచి రంగు తిరుగుతుంది."

తాత బిత్తరపోయాడు. అవ్వ వైపు తిరిగి, "మారిందామే రంగు?" అన్నాడు.

అవ్వ ఎనుము తోక సవరిస్తూ, "నేను సూడలా" అంది.

డాక్టరు పోయాక తాత రోటి పక్కన కూర్చుండిపోయాడు. పాపం, పిట్టలను చంపుకున్నానని మాత్రమే ఆయన దిగులు. ఇంకేం పోగొట్టుకున్నాడో ఆయనకు తెలియదు. నేను అవ్వ వెనకాలే దొడ్లోకి పోయి, ఇప్పుడైనా అత్తకు చెప్దామన్నాను. చెక్క వల్లనే అంట కదా, ఇంకేం భయం అన్నాను.

"సెప్తే ఏమొస్తాది? సెక్కకు బెదిరి కూతుర్ని ఎళ్ళగొట్టింది అంటారు" అంది. దిబ్బ మీద బూడిద కాలితో సర్ది మళ్ళీ అంది. "ఆ డాక్టరుకు సెక్క సంగతి తెలుసు. నేను పంపించినాను, బిడ్డ బతికింది. నాకు అదే తెలుసు. దాన్ని కదిలించొద్దు. నా మీద ఒట్టు అట్లే ఉండనీ."

వాదించడానికి నా వయసెంత. ఇప్పుడైనా వాదించగలనా అంటే చెప్పలేను. పంపించకపోయినా ఆ బిడ్డ బతికేదని నాకు తెలుసు. అవ్వతో ఆ మాట అంటే, నువ్వు పందెం కాస్తావా ఆ పసిదాని మీద అని అడిగేది.

ఉయ్యాలలో వేసే రోజు అవ్వ వెండి మొలతాడు పట్టుకొని పోయింది. నన్నూ తీసుకుపోయింది. అత్త మర్యాదకు చాప వేసింది, చెంబుతో నీళ్ళిచ్చింది, ఇంటికి వచ్చిన పరాయి మనిషికి ఇచ్చినట్టు. బిడ్డను ఒళ్ళో ఇవ్వలేదు. "ఎత్తుకుంటే నీకు సేతులు నొప్పి పుడతాయి" అంది. అవ్వ ఉయ్యాలలోకి వంగి చూసి, పిల్ల కాలి వేలు ఒకటి పట్టుకొని వదిలి, బస్సుకు టైమైందని లేచింది. దోవంతా ఆమె ముఖంలో సంతోషం ఉంది, కాదంటే అబద్ధమవుతుంది.

ఆ తర్వాత అత్త ఆ గడప తొక్కలేదు. తాత పోయినప్పుడు వచ్చి, బయట పందిట్లో కూర్చొని, బయటనుంచే పోయింది. అవ్వ ఏటా జొన్నలు, వేరుశనగ పంపేది. అవి తిరిగి రాలేదు, కబురూ రాలేదు. కూతురి కూతురికి పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, వాళ్ళ ఫోటోలు మా నాన్న తెచ్చి చూపిస్తే అవ్వ కళ్ళకు దగ్గరగా పెట్టుకొని చూసేది. ఆఖరి రోజుల్లో మంచంలో ఉండగా, నేను అత్తకు కబురు పెట్టనా అంటే తల అడ్డంగా ఊపింది. వస్తే చెప్పాల్సి వస్తుందని భయమేమో.

అవ్వ పోయాక దినాలకు అత్త వచ్చింది. తల నెరిసి, నడుము వంగి, అచ్చం అవ్వే నడిచి వచ్చినట్టుంది. ఈసారి లోపలికి వచ్చింది. భోజనాలు అయ్యాక ఇద్దరం దొడ్లో బండ మీద కూర్చున్నాం. ఇన్నేళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు అవ్వే చెప్పి ఉంటుందని నేను అనుకునేదాన్ని. మాటల్లో, అత్తకేమీ తెలియదని అర్థమైంది. ఒట్టు పెట్టించుకున్న మనిషే లేదు కదా అని, నేను చెప్పాను. పాచి రంగు సొన, కోడి కింద లేవని గుడ్లు, చెక్క, డాక్టరు, పొయ్యి వెనక అవ్వ వీపు, అన్నీ చెప్పాను.

అత్త ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. కొంగుతో మోకాళ్ళ మీద దుమ్ము దులుపుకుంది.

"నేను బరువైనానని పంపిందనుకున్నానే ఇన్నేండ్లు" అంది. తర్వాత, ఎదురుగా తల్లి కూర్చొని ఉన్నట్టు గోడ వైపు చూసి అంది. "ఒక్క మాట సెప్పింటే నేనే మూట కట్టుకోని పోయేదాన్ని గదమ్మా. మళ్ళా వచ్చేదాన్ని గూడా."